స్టెఫానస్ వాన్ కోర్ట్‌లాండ్‌కి అంత ఆస్తి ఎలా వచ్చింది? వియ్యాల వైపు నుంచి చూడండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. న్యూయార్క్‌లో బ్రాంక్స్ వైపు ఉన్న వాన్ కోర్ట్‌లాండ్ పార్కు చూశారు. ఆ పేరుగల మేయర్ మీద తెలుగులో వ్యాసం రాద్దామని కూర్చున్నారు. ఒకచోట ఆయన 1677లో మేయర్ అని ఉంది, ఇంకోచోట 1710లో అని ఉంది, మరోచోట 1650లలోనే నగర పెద్ద అని ఉంది. ఒకరు బీరు కాచే వ్యాపారి అంటే, ఇంకొకరు 86,000 ఎకరాల భూస్వామి అన్నారు. ఇదంతా ఒక్క మనిషేనా? ఆ ఆస్తి వ్యాపారంతో వచ్చిందా, పదవితో వచ్చిందా?

ఒక్క మనిషి కాదు, ముగ్గురు. తండ్రి ఓలఫ్, కొడుకు స్టెఫానస్, స్టెఫానస్ తమ్ముడు యాకోబస్. మీరు రాయాలనుకున్నది స్టెఫానస్ గురించి. ఆస్తి సంగతి: తండ్రి వ్యాపారంతో మొదలైంది, అక్కచెల్లెళ్ల, కూతుళ్ల పెళ్ళిళ్లతో నిలబడింది, పదవి చేతికొచ్చాక భూమిగా మారింది. ఈ మూడింటిలో మధ్యది వదిలేసి రాసేవాళ్లే ఎక్కువ. అది వదిలేస్తే మిగతా రెండూ అర్థం కావు.

మొదట ముగ్గురినీ విడదీసుకోండి.

ఓలఫ్ స్టీవెన్సెన్ వాన్ కోర్ట్‌లాండ్ 1638లో డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ సిపాయిగా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాడు. డచ్‌వాళ్ల కాలంలో న్యూయార్క్ పేరు అది. తర్వాత కంపెనీ కొలువు వదిలి వ్యాపారంలోకి, బీరు కాచడంలోకి వచ్చాడు. ఆయన బ్రూవరీ ఉన్న వీధికి బ్రౌవర్ స్ట్రాట్ అని పేరు, అంటే బీరు కాచేవాళ్ల వీధి. ఇప్పటి స్టోన్ స్ట్రీట్ అదే. 1642లో ఆనెట్యె లూకర్‌మాన్స్‌ని పెళ్ళాడాడు. ఆమె అన్న హోవర్ట్ లూకర్‌మాన్స్ ఆ ఊళ్లో పేరున్న వర్తకుడు. అంటే ఓలఫ్ ఎదుగుదల మొదటి మెట్టే అత్తవారి వైపు నుంచి. 1664లో ఊరిని ఇంగ్లీషువాళ్లకి అప్పగించే షరతులు మాట్లాడిన డచ్ ప్రతినిధుల్లో ఓలఫ్ ఒకడు. 1674 పన్ను లెక్కలో ఆయన ఆస్తి 45,000 గిల్డర్లు (డచ్ నాణెం). ఆయన మేయర్ కాడు, బర్గోమాస్టర్. డచ్ పాలనలో నగరాన్ని నడిపిన పెద్దల పదవి అది. మేయర్ అనే పదవి ఇంగ్లీషువాళ్లు 1665లో తెచ్చారు. మీ 1650ల గందరగోళం ఇక్కడిదే.

స్టెఫానస్ 1643 మే 7న పుట్టాడు. 1677లో మొదటిసారి మేయర్ అయ్యాడు, అప్పటికి వయసు 34. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో న్యూయార్క్‌కి మొదటి మేయర్ ఆయనే. 1686లో రెండోసారి. 1700 నవంబర్ 25న పోయాడు. పోయేముందు కొద్ది వారాలు ప్రావిన్స్ ప్రధాన న్యాయమూర్తి కూడా.

యాకోబస్ (1658–1739) పదిహేనేళ్లు చిన్న తమ్ముడు. 1710లో, మళ్లీ 1719లో మేయర్. బ్రాంక్స్ పార్కు భూమి ఈయన వైపుది, స్టెఫానస్‌ది కాదు. మీ వ్యాసంలో ఆ పార్కు ఫోటో పెడితే కింద యాకోబస్ శాఖ అని రాయండి.

ఇక వియ్యాల సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి, అసలు సరుకంతా ఇందులోనే ఉంది.

1671లో స్టెఫానస్ ఆల్బనీ ఊరి ఖెర్ట్రౌట్ స్కైలర్‌ని పెళ్ళాడాడు. ఆల్బనీ ఎందుకు ముఖ్యమంటే, ఉత్తరాన ఆదివాసీ తెగల నుంచి బీవర్ తోళ్లు వచ్చి చేరే రేవు అది. న్యూయార్క్ ఆ తోళ్లు ఓడకెక్కే రేవు. ఆ రెండు ఊళ్ల మధ్య నమ్మకమైన మనిషి లేకపోతే వర్తకుడు బతకలేడు. సరుకు అప్పు మీద పోతుంది, తోళ్లు వచ్చేసరికి నెలలు పడుతుంది, ఓడ మునిగితే లెక్క తేలదు. పూచీకత్తుకి బ్యాంకు లేదు. బావమరిదే పూచీ. 1686కి వచ్చేసరికి ఆ ఏర్పాటు ఎలా పండిందో చూడండి: న్యూయార్క్ మేయర్ స్టెఫానస్. ఆల్బనీ మొదటి మేయర్ పీటర్ స్కైలర్, ఖెర్ట్రౌట్ తమ్ముడు. ఆల్బనీ టౌన్ క్లర్క్ రాబర్ట్ లివింగ్‌స్టన్, ఖెర్ట్రౌట్ చెల్లెలు అలీడాకి రెండో భర్త, అంటే స్టెఫానస్‌కి తోడల్లుడు. హడ్సన్ నదికి రెండు చివర్లా ఒకే కుటుంబం.

స్టెఫానస్ చెల్లెలు మారియా 1662లో యెరెమియాస్ వాన్ రెన్సెలార్‌ని పెళ్ళాడింది. పదహారేళ్ల పిల్ల. ఆల్బనీ చుట్టూ ఉన్న రెన్సెలార్స్‌వైక్ అనే పెద్ద ఎస్టేటు ఆయన చేతిలో ఉండేది. 1674లో ఆయన పోయాడు. ఆమెకి అప్పటికి ఐదుగురు పిల్లలు, ఆరో బిడ్డ కడుపులో. తుంటి జబ్బుతో ఊతకర్రల మీద నడిచేది. అయినా ఎస్టేటు లెక్కలు, కౌళ్లు, మిల్లులు తనే చూసుకుంది. అప్పుడు కుదిరిన ఏర్పాటులో మరిది నికోలాస్ డైరెక్టరు, మారియా కోశాధికారి, అన్న స్టెఫానస్ లెక్కల రాతగాడు. హాలండ్‌లో ఉన్న అత్తింటివాళ్లు ఒకవైపు, నికోలాస్ పోయాక అతని భార్య అలీడాని చేసుకున్న రాబర్ట్ లివింగ్‌స్టన్ వాటా కోసం ఇంకోవైపు, ఇద్దరి ఒత్తిడీ కాచుకుని పిల్లల ఆస్తి పిల్లలకి నిలబెట్టింది. ఆమె ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. స్టెఫానస్‌ని అర్థం చేసుకోవాలంటే ఆయన అధికారిక కాగితాల కంటే ముందు ఈ ఉత్తరాలే చదవాలని నా గట్టి అభిప్రాయం. ఆ కుటుంబంలో డబ్బు ఎలా కదిలిందో, ఎవరు ఎవరిని నమ్మారో అందులో తెలుస్తుంది.

ఇంకో చెల్లెలు కాథరినా. మొదటి భర్త పోయాక 1692లో ఫ్రెడరిక్ ఫిలిప్స్‌ని పెళ్ళాడింది. ఒకప్పుడు కంపెనీ వడ్రంగి, 1674 నాటికే 80,000 గిల్డర్ల ఆస్తితో ఊళ్లో అందరికంటే ధనికుడు. అంతకు ఏడాది ముందే యాకోబస్ ఆ ఫిలిప్స్ పెంపుడు కూతురు ఈవాని చేసుకున్నాడు. అంటే ఏడాది తిరిగేసరికి యాకోబస్‌కి మామగారే బావ అయ్యాడు.

తెలుగువాళ్లకి వెంటనే తట్టే సంగతి ఒకటి ఉంది. మారియా కొడుకు కీలియాన్ 1701లో స్టెఫానస్ కూతురు మారియాని పెళ్ళాడాడు. అచ్చం మన మేనరికం, పైగా పిల్లకి పెట్టింది మేనత్త పేరే. ఇంకో కూతురు కొర్నేలియా, ఖెర్ట్రౌట్ తమ్ముడి కొడుకు యోహానెస్ స్కైలర్‌ని చేసుకుంది. అదీ మేనరికమే. ఈ జంట కొడుకే స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్ ఫిలిప్ స్కైలర్, అలెగ్జాండర్ హామిల్టన్‌కి పిల్లనిచ్చిన మామ. కానీ మన వరసల లెక్క అక్కడ పెట్టకండి. స్టెఫానస్ మనవడు పియర్ పెళ్ళాడిన జొవానా లివింగ్‌స్టన్, అలీడా మనవరాలు. వాళ్ల నాన్నలిద్దరూ అక్కచెల్లెళ్ల కొడుకులు. మన లెక్కలో ఆ పిల్లాపిల్లాడు అన్నాచెల్లెళ్ల వరస. వాళ్లకి ఆ పట్టింపు లేదు, ఆస్తీ నమ్మకమూ చేయిదాటకపోవడమే పట్టింపు.

పదవి సంగతి. ఆనాటి మేయర్‌ని జనం ఎన్నుకోలేదు, గవర్నర్ నియమించేవాడు. గవర్నర్ డాంగన్ 1686లో నగరానికిచ్చిన హక్కుల పత్రం, అంటే డాంగన్ చార్టర్ ప్రకారం వార్డుల వారీగా ఆల్డర్‌మెన్ (నగర సభ సభ్యులు) ఎన్నికయ్యేవారు కానీ మేయర్ మాత్రం నియామకమే. కాబట్టి “ప్రజాదరణతో మేయర్ అయ్యాడు” అని రాయకండి. గవర్నర్‌కి కావలసింది డచ్ జనాభాతో మాట్లాడగలిగి, ఇంగ్లీషు పాలనతో సర్దుకుపోయే డబ్బున్న మనిషి. స్టెఫానస్ సరిగ్గా అతికాడు. 1680 నుంచి చనిపోయేదాకా గవర్నర్ కౌన్సిల్లో ఉన్నాడు, సుంకాల వసూళ్లు చూశాడు, 1691 నుంచి సుప్రీంకోర్టు జడ్జి. సరుకు తెప్పించేవాడూ, సుంకం లెక్క చూసేవాడూ, తగాదా తీర్చేవాడూ ఒకడే కావడం ఆ రోజుల్లో మామూలు.

పక్కన ఒక సంగతి. మద్రాసు కార్పొరేషన్ చార్టర్ 1687 డిసెంబరుది, పని మొదలైంది 1688లో. అంటే డాంగన్ చార్టర్‌కి రెండేళ్ల లోపే. మద్రాసు మొదటి మేయర్ నథానియెల్ హిగిన్సన్ పుట్టింది అమెరికాలోని కనెటికట్‌లో, గిల్ఫర్డ్ అనే ఊళ్లో. మేయర్, ఆల్డర్‌మెన్ అనే ఒకే అచ్చు రెండు సముద్రాల ఒడ్డునా పడింది. మీ పాఠకులకి మేయర్ పదవిని వివరించడానికి ఈ పోలిక పనికొస్తుంది.

వ్యాపారం ఏమిటంటే తోళ్ల తర్వాత పిండి. 1680 ప్రాంతంలో నగరానికి ఒక గుత్తహక్కు దొరికింది: గోధుమపిండి జల్లించి పీపాల్లో నింపి ఎగుమతి చేయడం న్యూయార్క్ నగరంలోనే జరగాలి. 1694లో అసెంబ్లీ దాన్ని తీసేసేదాకా నగర వర్తకులు దాని మీద బలిశారు. 1686 నాటి నగర ముద్ర చూడండి. గాలిమర రెక్కలు, బీవర్లు, పిండి పీపాలు. ఆ ఊరి ఆదాయం బొమ్మ కట్టి చూపించినట్టుంటుంది. పిండి, రొట్టె వెస్టిండీస్ దీవులకి పోయేవి, చక్కెర, రమ్ము తిరిగొచ్చేవి.

బానిసల వ్యాపారం వదిలేసి ఈ కథ రాయకండి. ఆ దీవుల చక్కెర బానిసల చెమట. ఫిలిప్స్ ఓడలు మడగాస్కర్ నుంచి మనుషుల్ని కొనుక్కొచ్చాయి. యాకోబస్ మిగిల్చిన వ్యాపార ఉత్తరాల్లో పిండి, చక్కెర పక్కనే మనుషుల క్రయవిక్రయాలు ఉన్నాయి. ఇళ్లల్లో, మిల్లుల్లో పని చేసినవాళ్లలోనూ బానిసలున్నారు. “వర్తకుడు” అనే ఒక్క మాటతో దీన్ని కప్పేస్తే వ్యాసం తప్పవుతుంది.

భూమి దగ్గరికొద్దాం. 1677లో స్టెఫానస్ గవర్నర్ ఆండ్రోస్ నుంచి ఆదివాసుల దగ్గర భూమి కొనే లైసెన్సు తీసుకున్నాడు. గమనించండి, మొదటిసారి మేయర్ అయిన సంవత్సరమే. 1683లో హడ్సన్ ఒడ్డున పెద్ద కొనుగోళ్లు మొదలయ్యాయి. ధర నగదు కాదు: తుపాకులు, దుప్పట్లు, గిన్నెలు, కోట్లు, రమ్ము, బీరు, వాంపమ్ అనే గవ్వపూసల దండలు. అమ్మినవాళ్ల దృష్టిలో అది వాడుకునే హక్కు పంచుకోవడం, కొన్నవాడి దృష్టిలో శాశ్వత క్రయం. తర్వాతి తగాదాలన్నీ ఆ తేడాలో ఉన్నాయి. ముక్కముక్కగా కొన్నదంతా కలిపి 1697 జూన్ 17న రాజు పేరిట మేనర్ పట్టా వచ్చింది. సుమారు 86,000 ఎకరాలు. క్రోటన్ నది నుంచి ఉత్తరానికి, తూర్పున కనెటికట్ పొలిమేర దాకా. ఏటా మార్చి 25న రాజుకి కట్టాల్సింది 40 షిల్లింగులు.

దీన్ని తెలుగులో “జమీందారీ” అనేస్తే సులువే కానీ పొరపాటు. మన జమీందారు పేష్కషు వసూలు చేసి కట్టే బాధ్యత ఉన్నవాడు. మేనర్ ప్రభువు నేలకి యజమాని, రాజుకిచ్చేది నామమాత్రపు పన్ను. “మేనర్” అనే రాసి ఒక వాక్యంలో వివరించండి. ఇంకొకటి: పట్టా వచ్చాక స్టెఫానస్ బతికింది మూడేళ్లే. అదంతా అప్పటికి ఎక్కువగా అడవి. ఆయన బతుకంతా ఊళ్లోనే. కోటలో కూర్చుని రైతుల మీద పెత్తనం చేసిన ప్రభువుగా చిత్రిస్తే అది ఆయన కాదు.

1689 తిరుగుబాటు గురించి రెండు మాటలు చాలు. ఇంగ్లండ్‌లో రాజు మారగానే యాకోబ్ లైస్లర్ అనే వర్తకుడు కోటని చేజిక్కించుకున్నాడు. మేయర్‌గా ఉన్న స్టెఫానస్ ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. 1691లో కొత్త గవర్నర్‌తో పాటు అధికారం తిరిగొచ్చింది, మే 16న లైస్లర్‌ని ఉరితీశారు. దీన్ని పేదల తిరుగుబాటుగా చెప్పేవారున్నారు. కానీ లైస్లర్ భార్య ఎల్స్యె, స్టెఫానస్ మేనమామ హోవర్ట్ లూకర్‌మాన్స్‌కి సవతి కూతురు. ఆ మేనమామ ఆస్తి పంపకాల మీద రెండు వైపులా అంతకుముందే తగాదా ఉంది. మతం, రాజకీయం నిజమే, ఇంటి తగాదా కూడా నిజమే.

స్టెఫానస్ పోయాక ఏం జరిగింది? ఇంగ్లీషు చట్టంలో వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుక్కి. డచ్ ఆచారంలో కొడుకులకీ కూతుళ్లకీ సమానం, భార్య బతికినంతకాలం ఆమె చేతిలో. స్టెఫానస్ వీలునామా డచ్ దారిలో నడిచింది. పెద్దకొడుకు యోహానెస్‌కి నది ఒడ్డున ఒక ముక్క అదనం, మిగతాది పిల్లలందరికీ సమం. పెద్దయ్యేదాకా నిలిచిన పిల్లలు 11 మంది. ఖెర్ట్రౌట్ 1723 దాకా బతికింది, మేనర్ కొలిపించి పంచుకున్నది 1730లలో. అందుకే రెన్సెలార్, లివింగ్‌స్టన్ ఎస్టేట్లలా ఇది ఒకే చేతిలో నిలవలేదు. యోహానెస్‌కిచ్చిన ముక్క కూడా ఆయన కూతురి ద్వారా వెర్‌ప్లాంక్ కుటుంబానికి పోయింది. నేడు దాని పేరు వెర్‌ప్లాంక్స్ పాయింట్.

ఇక వంశవృక్షం గీసేటప్పుడు జరిగే తప్పులు. ఇవి సరిచూసుకోకుండా ఏదీ ప్రచురించకండి.

పేర్లు. ఓలఫ్ స్టీవెన్సెన్ అంటే స్టీవెన్ కొడుకు ఓలఫ్. అది ఇంటిపేరు కాదు. స్టెఫానస్ అన్నది తాత పేరు. మనలాగే వాళ్లూ తాతనానమ్మల పేర్లు పెడతారు: కొడుకు ఆలివర్ అంటే ఓలఫే, ఫిలిప్ అమ్మమ్మగారింటి తాత పేరు, మార్గరెట్ అమ్మమ్మ పేరు, ఆన్ నానమ్మ ఆనెట్యె పేరు. ఈ పద్ధతి తెలిస్తే తప్పిపోయిన తరం ఊహకి అందుతుంది. కానీ ఊహని రుజువుగా రాయకండి. తిరగేసి చూస్తే, మగపిల్లాడి ముందుపేరు “కోర్ట్‌లాండ్” అయితే తల్లి ఎవరో వెతకండి. న్యూజెర్సీ చివరి రాజ అటార్నీ జనరల్ కోర్ట్‌లాండ్ స్కిన్నర్ అలాంటివాడే, స్టెఫానస్ కూతురు ఎలిజబెత్ కొడుకు.

ఆడవాళ్ల ఇంటిపేరు. డచ్ కాగితాల్లో పెళ్ళయినా పుట్టింటి పేరే. న్యూయార్క్ డచ్ చర్చి బాప్టిజం పుస్తకంలో మూడు వరుసలుంటాయి: తల్లిదండ్రులు, బిడ్డ, సాక్షులు. తల్లి పుట్టింటి పేరుతో ఉంటుంది. సాక్షులు సాధారణంగా తాతలు, నానమ్మలు, మేనత్తలు, పినతండ్రులు. చాలామంది మూడో వరుస వదిలేస్తారు. చుట్టరికం పట్టిచ్చేది అదే.

తేదీలు. డచ్ పాలనలో ఇప్పటి క్యాలెండరే. ఇంగ్లీషువాళ్లు వచ్చాక పాత క్యాలెండర్, పదిరోజులు వెనక, 1700 మార్చి నుంచి పదకొండు. స్టెఫానస్ పోయిన నవంబర్ 25 మన లెక్కలో డిసెంబర్ 6. పైగా ఇంగ్లీషు సంవత్సరం మార్చి 25న మొదలు. స్టెఫానస్ చెల్లెలు మారియా 1689 జనవరిలో పోయింది, పాత కాగితంలో అది 1688గా కనిపిస్తుంది. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి తేదీని 1688/89 అని రెండు సంవత్సరాలతో రాయడం క్షేమం.

డబ్బు. గిల్డర్లని రూపాయల్లోకి మార్చకండి. గవ్వపూసల గిల్డరు విలువ హాలండ్ గిల్డర్‌లో మూడో నాలుగో వంతే, బీవర్ తోలు ఒకటి ఎనిమిది గిల్డర్ల లెక్క. కాగితంలో ఏ గిల్డరో చెప్పకపోతే అంకె మాత్రమే రాసి ఊరుకోండి. పోల్చాలంటే అదే జాబితాలోని పక్కవాడితో పోల్చండి: ఓలఫ్ 45,000, ఫిలిప్స్ 80,000.

కంపెనీలు. మచిలీపట్నంలో 1605 నుంచి ఉన్నది డచ్ ఈస్టిండియా కంపెనీ. ఓలఫ్‌ని తెచ్చింది 1621లో పుట్టిన వెస్ట్ ఇండియా కంపెనీ. రెండూ వేరు. తెలుగు వ్యాసాల్లో ఇవి కలిసిపోతుంటాయి.

ఇళ్లు. రెండు ఊళ్లలో రెండున్నాయి. బ్రాంక్స్ పార్కులోని రాతిమేడ 1748లో యాకోబస్ కొడుకు ఫ్రెడరిక్ కట్టించింది. క్రోటన్‌లో నది ఒడ్డున ఉన్న మేనర్ ఇల్లు స్టెఫానస్ శాఖది. పైన చెప్పిన మనవడు పియరే 1749లో అక్కడికి మారాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రానికి మొదటి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. యాకోబస్ వైపు ఇంకో పెద్ద పేరు జాన్ జే, అమెరికా మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆయన తల్లి మేరీ యాకోబస్ కూతురు.

స్టెఫానస్ సొంత ఇంటి జాగా చూడాలంటే మాన్‌హాటన్ దక్షిణ కొసకి, పెర్ల్ స్ట్రీట్, బ్రాడ్ స్ట్రీట్ కలిసే మూలకి వెళ్లండి. 1671లో, పెళ్ళయిన ఏడాదే, అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. 1700లో కూతురు ఆన్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన హ్యూగనో (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్) వర్తకుడు స్టీఫెన్ డి లాన్సీని పెళ్ళాడినప్పుడు ఆ జాగా అల్లుడికిచ్చాడు. అల్లుడు 1719లో అక్కడ కొత్త ఇల్లు లేపాడు. 1762లో దాన్ని శామ్యూల్ ఫ్రాన్సెస్ కొని సత్రం పెట్టాడు. 1783 డిసెంబర్ 4న జార్జ్ వాషింగ్టన్ తన సైనికాధికారుల దగ్గర సెలవు తీసుకున్న ఫ్రాన్సెస్ టావెర్న్ అదే. ఇప్పుడు మ్యూజియం. మీ వ్యాసానికి ఫోటో ఒక్కటే పెట్టే చోటుంటే ఆ మూలది పెట్టండి.